ఒంటిగంట రీలు

బీరువాలో తొమ్మిది రీళ్ళుండాలి. ఎనిమిదే ఉన్నాయి.

1986 డిసెంబరు 8, సోమవారం. ఉదయం 9:10. అయోవా రాష్ట్రం, కెస్లర్ గ్రోవ్ ఊరు, లూథరన్ చర్చి కింది గది. డెప్యూటీ షెరీఫ్ వర్లిన్ హౌప్ట్ ఇనప బీరువా ముందు గొంతుక్కూర్చుని మళ్ళీ లెక్కపెట్టాడు.

ఎనిమిదే.

"ఎన్నిసార్లు లెక్కపెడతావురా? నాకు లెక్కలు రావనా?" అంది వెనక నుంచి గెర్డా ఓస్ట్‌బీ.

ఆవిడకి డెబ్బై ఒక్కేళ్ళు. చిన్నప్పుడు హౌప్ట్‌కి ఇదే గదిలో బైబిల్ పాఠాలు చెప్పింది. ఇప్పుడా గదిలో ఒక బల్ల, ఒక కుర్చీ, ఒక టెలిఫోను. పొలం చేజారిపోతున్న రైతు ఎవరైనా సరే, ఏ వేళైనా సరే, ఆ నంబరుకి ఫోన్ చెయ్యొచ్చు. ఎత్తేది గెర్డా. చావే దిక్కనుకున్నవాళ్ళని మాటల్లో పెట్టి తెల్లారేదాకా ఆపేది. రెండేళ్ళుగా అదే ఆవిడ పని.

ఆ ఫోను డబ్బుల్లేక డిసెంబరు నెలాఖరుకి ఆగిపోబోతోంది. నిలబెట్టగలిగింది ఒక్కటే, ఆ రీళ్ళు.

అక్టోబరు 26, ఆదివారం నాడు జాతర మైదానంలో రైతుల సాయం కోసం పాటల కచేరీ జరిగింది. చుట్టుపక్కల బృందాలే. ఎవరూ ఒక్క డాలరు తీసుకోలేదు. షికాగో నుంచి రస్ కామిన్‌స్కీ అనే సౌండ్ ఇంజనీరు వచ్చి మొత్తం రికార్డు చేశాడు. ఒక కంపెనీ దాన్ని గ్రామఫోను రికార్డుగా వేస్తానంది. అమ్మగా వచ్చిందంతా ఫోనుకి. ఈ శుక్రవారం మధ్యాహ్నంలోపు రీళ్ళన్నీ అందాలి. షరతు ఒక్కటే, అందులో మెర్ల్ వెసెల్స్ మాటలుండాలి.

మెర్ల్ పాటగాడు కాదు. పాడి రైతు. పాటల మధ్యలో మైకు అడిగి తీసుకున్నాడు. మూడు నిమిషాలు మాట్లాడాడు.

'గురువారం ఈ నంబరుకి ఫోన్ చేశాను. శుక్రవారం దాకా ఆగమంది పెద్దావిడ. శుక్రవారం చేస్తే శనివారం దాకా అంది. ఇవాళ ఆదివారం. నేనింకా ఇక్కడే ఉన్నాను.'

సరిగ్గా అప్పుడే ఊరి సైరను మోగింది. ఆ ఊళ్ళో రోజూ మధ్యాహ్నం పన్నెండుకి సైరను మోగుతుంది. మెర్ల్ టోపీ తీసి చేత్తో పట్టుకుని అది ఆగేదాకా నిలబడ్డాడు. జనం నవ్వారు, ఏడ్చారు, చప్పట్లు కొట్టారు.

నవంబరు 17, సోమవారం పొద్దున మెర్ల్ తన కొట్టంలో చనిపోయాడు. ఎవరూ చంపలేదు. తనే ప్రాణం తీసుకున్నాడు.

అంతకు మూడు రోజుల ముందు అతనికి వేలం నోటీసు ఇచ్చింది డెప్యూటీ హౌప్టే. కోర్టు ఇచ్చే కాగితాలు ఇంటింటికీ పట్టుకెళ్ళడం ఆయన ఉద్యోగం. ఈమధ్య కాఫీ హోటల్లో ఆయన కూర్చున్న బల్ల దగ్గర ఎవరూ కూర్చోవడం లేదు. ఆయన కూడా ఎవరినీ రమ్మని పిలవడం లేదు.

"ఏది పోయింది?" అన్నాడు హౌప్ట్.

"మూడోది."

రీళ్ళ పెట్టెల వీపున కామిన్‌స్కీ వేళలు రాశాడు. అవి తప్ప ఇంకేమీ లేవు. మొదటిది 11:30 నుంచి 12:02. రెండోది 12:05 నుంచి 12:37. నాలుగోది 1:15తో మొదలు. పోయింది 12:40 నుంచి 1:12 దాకా ఉన్నది.

గెర్డా మొహం ఒక్కసారిగా విప్పారింది.

"అయితే బతికాం. మెర్ల్ మాట్లాడింది పన్నెండింటికి కదా! సైరను మోగింది కూడానూ. అంటే మొదటి రీలు. అది ఇక్కడే ఉందిరా!"

"ఆఖరిసారి తొమ్మిదీ ఎప్పుడు చూశారు టీచర్ గారూ?"

"నిన్న పదిన్నరకి. ఆ షికాగో అబ్బాయి వచ్చాడు, పాడినవాళ్ళ సంతకాల కోసం. ఇద్దరం కలిసి లెక్కపెట్టాం. 10:45కి నేను పైకెళ్ళాను, ప్రార్థనకి వచ్చినవాళ్ళకి కాఫీ పొయ్యడానికి. 10:57కి కిందికొచ్చాను. అప్పట్నుంచి రాత్రంతా ఈ ఫోను దగ్గర్నుంచి కదల్లేదు."

"తాళంచెవి?"

"ఇక్కడే, పక్క వంటగది మేకుకి."

"అందరికీ తెలిసేలా."

"చర్చిలో దొంగలుంటారని ఎవరనుకున్నారు?"

దొంగ చేతికి తాళాలివ్వడమంటే ఇదే. హౌప్ట్ ఆ మాట పైకి అనలేదు. గురువు గారు కదా.

"ఆ పన్నెండు నిమిషాల్లో కిందికి ఎవరెవరు వచ్చారు?"

"కాఫీ పోస్తూ మెట్లే చూస్తున్నాను. ముగ్గురు. కామిన్‌స్కీ కోటు మర్చిపోయానని దిగాడు. బ్యాంకు లైల్ చేతులు కడుక్కోవడానికి దిగాడు. అర్డిస్ గిన్నె తీసుకెళ్ళడానికి దిగింది, అంత్యక్రియల నాడు ఆ గిన్నె ఇక్కడే ఉండిపోయింది పాపం." గెర్డా గొంతు తగ్గించింది. "అర్డిస్‌ని ఏమీ అడక్కురా. పుండు మీద కారం చల్లకు."

అర్డిస్ మెర్ల్ భార్య.

* * *

10:20. బ్యాంకు.

లైల్ ఫెరింగ్ మేనేజరు. మెర్ల్‌కి అప్పిచ్చింది ఈ బ్యాంకే. హౌప్ట్‌తో కలిసి బళ్ళో చదివాడు. డెప్యూటీ కుర్చీ లాక్కునే లోపే మొదలుపెట్టాడు.

"నేను తియ్యలేదు."

"ఏం తియ్యలేదు?"

"అదే... ఆ టేపులు. ఊరంతా అనుకుంటున్నారు."

"గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకుంటావేంరా? కూర్చో. నిన్న కింద ఎంతసేపున్నావు?"

"రెండు నిమిషాలు. చేతులు కడుక్కున్నాను."

"బీరువా గదిలోకి వెళ్ళావా?"

"వెళ్ళలేదు."

"ఆ రికార్డు రావడం నీకిష్టమేనా?"

ఫెరింగ్ కిటికీ వైపు తిరిగాడు.

"మెర్ల్ ఆ రోజు మైకులో నన్ను పిలిచాడు. 'లైల్, నువ్వూ వచ్చావా, మంచిది' అన్నాడు. తిట్టలేదు. తిట్టినా బాగుండేది. ఇంకో రెండు మాటలకే సైరను. అది మోగినంతసేపూ రెండువేల మంది నన్నే చూశారు. ఇప్పుడు రోజూ పన్నెండయ్యేసరికి తలుపులన్నీ వేసుకుంటాను వర్లిన్. అయినా వినపడుతుంది."

"అయితే తీసెయ్యాలనే అనిపించి ఉంటుంది."

"అనిపించింది. తియ్యలేదు. తీస్తే మాత్రం నాకు చెవుడొస్తుందా?"

* * *

సాయంత్రం 4:05. వెసెల్స్ వారి పాల కొట్టం.

అర్డిస్ పాలు పితికే మిషను తగిలిస్తోంది. నలభై ఆవులు. గోడకి రేడియో, ఏదో పాట గొణుగుతోంది. పాడి కొట్టాల్లో రేడియో ఆపరు, ఆపితే ఆవులు బెదురుతాయి. రేడియో పక్కన గుండ్రటి గడియారం. అందులో 5:05.

"నీ గడియారం గంట ముందుంది" అన్నాడు హౌప్ట్, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

"నీది సర్కారు గడియారం. అది ఆవుల గడియారం. వేసవికి గంట ముందుకి తిప్పిన గడియారాలని అక్టోబర్లో మీరంతా మళ్ళీ గంట వెనక్కి తిప్పుకుంటారు. ఆవుల పొదుగులు తిప్పుకుంటాయా? మెర్ల్ ఎప్పుడూ దాన్ని ముట్టుకోలేదు. చలికాలమంతా మేం ఈ వేళకే పితుకుతాం, ఈ వేళకే తింటాం." ఆమె తల తిప్పలేదు. "ఇంకో కాగితం తెచ్చావా?"

"లేదు. నిన్న చర్చిలో..."

"గిన్నె తెచ్చుకున్నాను."

"బీరువా గదిలోకి వెళ్ళావా?"

"గిన్నె వంటగదిలో ఉంటుంది వర్లిన్. బీరువాలో ఉండదు."

"కచేరీ నాడు నువ్వు మైదానానికి రాలేదు కదూ?"

"ఒక ఆవు ఈనుతోంది. ఇక్కడే ఉండి రేడియోలో విన్నాను. కాళ్ళు పట్టి దూడని లాగుతున్నాను, అప్పుడొచ్చింది ఆయన గొంతు." ఆమె చేతులు ఒక్క క్షణం ఆగాయి. "దూడ చచ్చింది. ఇక వెళ్ళు. పాలు క్యాను దాటి పోతున్నాయి."

హౌప్ట్ వెళ్ళిపోయాడు. చేతులకి పని లేని తనకంటే ఆమె నయమనిపించింది.

* * *

మంగళవారం 11:50. కామిన్‌స్కీ మోటెల్ గది.

ముప్ఫై ఏళ్ళ మనిషి. నిద్ర లేని కళ్ళు.

"శుభవార్త. మెర్ల్ మాటలున్న రీలు పోలేదు" అన్నాడు హౌప్ట్. "మొదటి రీలు, పన్నెండింటిది, బీరువాలోనే ఉంది."

కామిన్‌స్కీ ఆయన్ని వింతగా చూశాడు.

"మొదటి రీల్లో ఆయన లేడు సార్. అందులో రెండు ఫిడేలు బృందాలు, పాస్టరు గారి ప్రార్థన. వెసెల్స్ ఉన్నది మూడో దాంట్లో. నేనే కదా రికార్డు చేశాను?"

"మూడోది 12:40 నుంచి కదా?"

"అవును. ఒంటిగంటకి మీ దిక్కుమాలిన సైరను మోగింది. నా టేపు పాడైందని తిట్టుకున్నాను."

"సైరను పన్నెండింటికి మోగుతుంది."

"ఒంటిగంటకి మోగింది. నా వాచీ చూసే రాశాను."

 బయట సైరను మొదలైంది. హౌప్ట్ కామిన్‌స్కీ చేతిని తన వైపు తిప్పి వాచీ చూశాడు. పన్నెండు.

"ముందు రాత్రి షికాగో నుంచి కారులో వచ్చారా?"

"రాత్రంతా నడిపాను. పొద్దున వచ్చీ రాగానే వైర్లు లాగాను."

"ఆ రాత్రే దేశమంతా గడియారాలు గంట వెనక్కి తిప్పింది."

కామిన్‌స్కీ నోరు తెరిచాడు. "సోమవారం ఇంటికెళ్ళాక మా ఆవిడ చెప్పింది. వాచీ తిప్పుకున్నాను. పెట్టెల మీద రాసినవి మరిచేపోయాను."

"ఈ సంగతి ఎవరికైనా చెప్పారా?"

"నాకే ఇప్పుడు తెలిసింది సార్!"

"ఆ రీలు ఎక్కడైనా వినొచ్చా? తీసినవాడు విని ఏరుకుని ఉండొచ్చా?"

"కుదరదు. అంగుళం వెడల్పు టేపు. ఎనిమిది చారల్లో ఎనిమిది మైకులు. మామూలు మిషన్లకి పట్టదు. దగ్గరలో అంటే డిమోయిన్ నగరంలో ఉంది, నా స్నేహితుడి స్టూడియోలో. ఇంకో కాపీ కూడా లేదు. రేడియో వాళ్ళని అడిగాను, దాచలేదన్నారు."

హౌప్ట్ కారెక్కి కూర్చున్నాడు. ఇంజను మాత్రం స్టార్ట్ చెయ్యలేదు. దొంగ ఎవరో తెలిసింది. తెలియకపోయినా బాగుండేది.

* * *

బుధవారం, మధ్యాహ్నం 2 గంటలు. చర్చి కింది గది.

గెర్డా కాఫీ పోసింది. ఫెరింగ్ తలుపు దగ్గర నిలబడ్డాడు. కామిన్‌స్కీ, అర్డిస్ ఎదురెదురుగా కూర్చున్నారు. ఎవరూ కాఫీ ముట్టలేదు.

"ఒక మనిషి మెర్ల్ గొంతున్న రీలు కోసం బీరువా తెరిచారు" అన్నాడు హౌప్ట్. "తొమ్మిది పెట్టెలు. పేర్లు లేవు, వేళలే ఉన్నాయి. వినడానికి మిషను లేదు. ఉన్న టైము పన్నెండు నిమిషాలు. అయినా సరైన రీలే పట్టుకెళ్ళారు. ఎలా?"

"గుడ్డిగా తగిలుంటుంది" అన్నాడు ఫెరింగ్.

"నువ్వయితే ఏది తీస్తావురా?"

"పన్నెండింటిది."

"టీచర్ గారూ, మీరు?"

"పన్నెండింటిదే. మొన్న నీతో అదే అన్నాను కదా."

"ఊళ్ళో ఎవరైనా అదే అంటారు. సైరను ఎవరూ మర్చిపోరు. కానీ పెట్టెల మీద వేళలు తప్పు. గంట ముందున్నాయి. ఈయన వాచీ తిప్పుకోలేదు. కచేరీ ఆలస్యంగా మొదలవడంతో ఆ తేడా ఎవరూ పట్టుకోలేదు. కాబట్టి ఊరి గడియారాన్ని నమ్మినవాళ్ళెవరైనా మొదటి రీలే తీసేవాళ్ళు. లైల్ అయితే మరీను."

"ఈయన తియ్యొచ్చుగా?" ఫెరింగ్ కామిన్‌స్కీ వైపు చూపించాడు.

"ఈయనకి కావాలంటే మనకి ఇవ్వకుండా ఉంటే సరిపోయేది. రీళ్ళు తెచ్చి ఇచ్చిందే ఈయన." హౌప్ట్ కప్పు పక్కన పెట్టాడు. "తీసిన మనిషికి మెర్ల్ మాట్లాడింది ఒంటిగంటకి. ఆ రోజు ఈ కౌంటీలో ఒంటిగంట చూపించిన గడియారాలు నాకు తెలిసి రెండు. ఒకటి ఈయన చేతికుంది. రెండోది రేడియో పక్కన, గోడకుంది."

అందరి తలలూ అర్డిస్ వైపు తిరిగాయి.

"ఒంటిగంటా రెండు నిమిషాలు" అంది అర్డిస్. "దూడ కాళ్ళు పట్టుకుని తలెత్తి చూశాను. ఆయన మాటలు మానేసిన టైము. అది నా కళ్ళలో ఉండిపోయింది. సైరను రేడియోలో విన్నాను, అయినా పెట్టెలు చూసినప్పుడు చెయ్యి ఆ అంకె మీదికే పోయింది."

"అర్డిస్, నన్నడిగితే ఇచ్చేదాన్ని కదమ్మా" అంది గెర్డా.

"ఇచ్చేవారు కాదు. ఇస్తే మీ ఫోను పోతుంది." ఆమె గొంతు పెరగలేదు. "'నేనింకా ఇక్కడే ఉన్నాను' అన్నాడాయన. దాన్ని కొట్లో పెట్టి అమ్ముతారా? లేడుగా! కారుల్లో పోతూ వింటారు జనం. విని, బతికే ఉన్నాడనుకుంటారు. నా దగ్గర ఆయన ఫోటోలు పదకొండున్నాయి. గొంతు ఒక్కటీ లేదు. బళ్ళో ఉన్న మిషను మీద పెట్టి చూశాను, పట్టలేదు."

"ఆ మాటలు విని ఇంకొకడు ఆగుతాడేమోనమ్మా. అందుకే..."

"శనివారం దాకా ఆగమన్నారు, ఆగాడు. ఆదివారం దాకా ఆగాడు. సోమవారం ఏం చెయ్యాలో మీరెవరూ చెప్పలేదు గెర్డా గారూ."

గెర్డా ఏడ్చింది. రెండేళ్ళలో ఆవిడ ఏడవగా ఎవరూ చూడలేదు.

చాలాసేపటికి అర్డిస్ లేచింది. "రండి, ఇచ్చేస్తాను. ఆయన్ని దాచుకుని నేనేం చేసుకుంటాను? ఇంకొకడికైనా పనికొస్తే రానీ."

ఆ మాటతో అందరికీ ప్రాణం లేచొచ్చింది. ఇంకా రెండు రోజులున్నాయి. హౌప్ట్‌కి కూడా ఆశ పుట్టింది. అది ఆయనకి అలవాటు లేని సంగతి.

* * *

3:15. పాల కొట్టం పక్క గది.

గోడకి మందుల అలమర ఉంది. అర్డిస్ తలుపు తెరిచింది. పై అరలో సీసాలు. కింది అరలో అట్టపెట్టె, దాని మీద పడుకోబెట్టి తెల్లటి గుడ్డ చుట్టిన రీలు.

"శుభ్రంగా, పొడిగా ఉంటుందని ఇక్కడ పెట్టాను" అంది.

కామిన్‌స్కీ రీలు తీశాడు. కింది పెట్టెలోకి చూశాడు. వేలంత పొడవు నున్నటి ఇనప కడ్డీలు, పాతిక దాకా ఉన్నాయి. ఒకదాన్నొకటి కరుచుకుని ఉన్నాయి.

"ఇవేంటి?"

"అయస్కాంతాలు" అన్నాడు హౌప్ట్ మామూలుగా. ఆయనా రైతు బిడ్డే. "ఆవులు మేతలో మేకులూ తీగముక్కలూ మింగేస్తాయి. ఒక్కో ఆవు చేత ఒక్కోటి మింగిస్తాం. కడుపులో ఇనుమంతా దీనికి పట్టుకుంటుంది. ప్రతి కొట్టంలోనూ..."

కామిన్‌స్కీ మొహం చూసి ఆగిపోయాడు.

"టేపు మీద శబ్దం ఉండేదే అయస్కాంతంతో సార్" అన్నాడతను నెమ్మదిగా. "ఇవి దాన్ని తుడిచేస్తాయి."

అర్డిస్ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "మూడు రోజులే కదా పెట్టింది?" అంది. 

* * *

శుక్రవారం ఉదయం 9:40. డిమోయిన్, స్టూడియో.

రీలు తిరిగింది. పాట వచ్చింది, అక్కడక్కడా గీరుకుపోయి. పాట అయిపోయింది. జనం సద్దుమణిగారు.

తర్వాత బుస్సుమని గాలి.

కామిన్‌స్కీ ఒక్కో చారా విడిగా పెట్టి చూశాడు. మాట్లాడిన మైకు ఎనిమిదో చార, అన్నిటికంటే కింద. అయస్కాంతాలకి ఆనుకున్నది అదే. జనం కోసం పెట్టిన మైకులో దూరంగా ఏదో గొణుగుడు, గోడ అవతల ఎవరో మాట్లాడుతున్నట్టు. ఒక్క మాట తెలియలేదు. ఆ తర్వాత సైరను, ఆపైన చప్పట్లు. ఆ చప్పట్లు మాత్రం చెక్కు చెదరలేదు.

"ఇంకోసారి" అంది అర్డిస్.

నాలుగుసార్లు పెట్టాడు. నాలుగుసార్లూ చప్పట్లే.

11:25కి కామిన్‌స్కీ కంపెనీకి ఫోన్ చేశాడు. రెండు నిమిషాలు మాట్లాడాడు. ఆ రైతు లేకపోతే ఈ పాటలు ఎవరికి కావాలన్నారట. హౌప్ట్ అక్కడి నుంచే గెర్డాకి చెప్పాడు. ఆవిడ "సరే నాయనా" అంది. "పెట్టెయ్యనా? ఇంకో ఫోన్ వస్తుందేమో, లైను ఖాళీగా ఉండాలి" అంది. ఆ లైను మరో పంతొమ్మిది రోజులుంటుంది.

తిరిగొచ్చే దారిలో మంచు పడుతోంది. ముప్ఫై మైళ్ళు దాటాక అర్డిస్ పిలిచింది.

"వర్లిన్."

"ఊఁ."

"నోటీసు ఇవ్వడానికి వచ్చినప్పుడు నేను ఇంట్లో లేను. ఆయన ఏమన్నాడు?"

హౌప్ట్ రోడ్డు వైపే చూశాడు. ఈ ప్రశ్న కోసం నాలుగు వారాలుగా భయపడుతున్నాడు.

"3:20కి వచ్చాను. కాగితం తీసుకున్నాడు. చదవలేదు. లోపలికి రా, కాఫీ ఉంది అన్నాడు."

"తాగావా?"

"లేదు. ఇంకా నాలుగు ఇళ్ళున్నాయన్నాను."

"తర్వాత?"

"సరే, పోనీలే, రోడ్డు జారుతోంది, నెమ్మదిగా వెళ్ళు అన్నాడు."

"ఎలా అన్నాడు? ఆయన అన్నట్టే అను."

"అర్డిస్..."

"అను."

హౌప్ట్ గొంతు సవరించుకున్నాడు. "సరే, పోనీలే. రోడ్డు జారుతోంది, నెమ్మదిగా వెళ్ళు."

ఆమె కళ్ళు మూసుకుని వింది. తల అడ్డంగా ఊపింది.

"అలా కాదు. ఇంకోసారి."

అన్నాడు.

"కాదు" అంది.

ఊరు ఇంకా నలభై మైళ్ళుంది. ఆయన మళ్ళీ అన్నాడు.